దురద పెట్టే పొడి చర్మానికి ఓట్స్: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

సబ్బు, బాడీ లోషన్, షాంపూ, పసిపిల్లల క్రీమ్... ఇప్పుడు చాలా డబ్బాల మీద ఓట్స్ బొమ్మ కనిపిస్తోంది. కొన్నిట్లో నిజంగా పనికొచ్చేంత ఓట్స్ ఉంటాయి, కొన్నిట్లో పేరుకే ఉంటాయి. ఇంకోపక్క ఓట్స్, పెరుగు, తేనె కలిపి రాసుకుంటే వారంలో తెల్లబడతారని చెప్పే వీడియోలకి లెక్కే లేదు. ఓట్స్ చర్మాన్ని తెల్లగా చెయ్యవు. మొటిమల మచ్చల్ని చెరిపెయ్యవు. అవి బాగా చేసే పని ఒకటుంది. ఎండిపోయి, గరుకెక్కి, దురద పెడుతున్న చర్మాన్ని నెమ్మదింపజేసి, దాని పైపొర కోలుకునేదాకా కాపు కాస్తాయి. ఆ ఒక్క పనికి వాడుకునే వాళ్లకి మాత్రం ఇంత చవకగా, ఇంత సులువుగా దొరికే సాయం మరొకటి తక్కువ. అందుకే మొదటినుంచి చివరిదాకా ఎలా చెయ్యాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మొదట, ఇది మీకు పనికొచ్చేదేనా చూసుకోండి

స్నానం చేసి వచ్చాక చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటోందా? కాళ్ల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతోందా? చలికాలంలో పిక్కల మీద, మోచేతుల మీద సన్నగా పొలుసులు రేగుతున్నాయా? రోజంతా ఏసీ గదిలో కూర్చుంటారా, బోరు నీళ్లతో స్నానం చేస్తారా, గిన్నెలు తోమీ తోమీ చేతులు పగిలాయా? అయితే ఓట్స్ మీకు పనికొస్తాయి. డాక్టర్ ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టే జబ్బు) అని చెప్పిన పిల్లలకి, వయసు పైబడి ఒంటినిండా దురదతో బాధపడే పెద్దవాళ్లకి, ఎండాకాలం చెమటకాయలకి, ఆటలమ్మ పోసినప్పుడు వచ్చే దురదకి కూడా ఉపశమనం ఇస్తాయి. ఆటలమ్మ దురదకి గోరువెచ్చని ఓట్స్ నీళ్ల స్నానం చేయించమని అమెరికాలో చర్మ వైద్యులు మామూలుగా చెబుతుంటారు. ముఖం మొటిమలకి రెటినాయిడ్ క్రీమ్ రాస్తూ ఆ మందు వల్ల చర్మం ఎండి మండుతున్నవాళ్లు కూడా, మందుతో పాటు ఓట్స్ ఉన్న మాయిశ్చరైజర్ వాడుకోవచ్చు.

పనికిరాని చోటు కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో కొంచెం తేటగా ఉండి, రోజురోజుకీ పెద్దదయ్యే మచ్చ తామర కావచ్చు. అది ఫంగస్. దానికి ఫంగస్ మందే కావాలి. వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు వచ్చి రాత్రిపూట దురద ఎక్కువవుతూ, ఇంట్లో మరొకరికి కూడా అదే మొదలైతే అది గజ్జి అయ్యుండొచ్చు. దానికి కారణం చర్మంలో దూరిన పురుగు. ఈ రెండింటికీ ఓట్స్ రాస్తూ కూర్చుంటే దురద కాసేపు తగ్గినట్టు అనిపిస్తుంది, ఈలోగా జబ్బు ఇల్లంతా పాకుతుంది.

ఏ పదార్థం ఏం చేస్తుందో తెలుసుకోండి

గింజ ఒకటే అయినా దానిలోంచి తీసి క్రీముల్లో వాడేవి రకరకాలు. తేడా తెలిస్తే మీకు కావాల్సింది మీరే ఎంచుకోగలరు.

అన్నిటికంటే పాతది, ఎక్కువ నమ్మకమైనది కొల్లాయిడల్ ఓట్‌మీల్. గింజని తవుడుతో సహా, నీళ్లలో వేస్తే అడుక్కి దిగిపోకుండా తేలుతూ ఉండేంత మెత్తగా విసిరిన పిండి ఇది. 1945లో అమెరికాలో ఆల్బర్ట్ మషర్, సిడ్నీ మషర్ అనే అన్నదమ్ములు మేయో క్లినిక్ అనే పెద్దాసుపత్రి సహకారంతో స్నానపు నీళ్లలో కలిపే పొడిగా దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. అవీనో అనే బ్రాండ్ అలా పుట్టిందే. 2003లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కొల్లాయిడల్ ఓట్‌మీల్‌ని చర్మరక్షక పదార్థంగా తన నియమాల్లో చేర్చింది. వంటింటి పదార్థాల్లో ఆ హోదా దొరికినవి చాలా కొద్ది.

ఈ పిండిలోని గంజి పదార్థమూ, బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థమూ నీళ్లు పీల్చుకుని చర్మం మీద పల్చటి పొరగా పరుచుకుంటాయి. ఒంట్లోని తేమ గాల్లోకి పోకుండా ఆ పొర ఆపుతుంది. సాపోనిన్లు అనేవి కొద్దిగా మురికిని వదలగొడతాయి, సబ్బు అంత కటువుగా కాదు. మామూలు సబ్బు క్షారగుణం వల్ల చర్మానికి సహజంగా ఉండే ఆమ్లగుణం దెబ్బతింటుంది. ఓట్స్ దాన్ని మళ్లీ సర్దుకోవడానికి తోడ్పడతాయి.

దురద తగ్గించే పని ప్రధానంగా అవెనాంత్రమైడ్లది. ధాన్యాలన్నిట్లోనూ ఓట్స్‌లో మాత్రమే ఉండే పాలీఫినాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం రసాయనాలు) ఇవి. గింజలో వీటి వాటా చాలా తక్కువ, దాదాపు 0.03 శాతం. అయినా చర్మ కణాల్లో వాపు రగిలించే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్‌ని ఇవి అణచుతాయనీ, ఎలుకల మీద రాసినప్పుడు గోక్కోవడం తగ్గిందనీ 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. ఎర్రబడి, మండుతూ, గోకకుండా ఉండలేని చర్మం మీదైతే లేబుల్‌లో ఈ పేరు వెతకండి.

ఓట్స్ నూనె సంగతి వేరు. మిగతా ధాన్యాలకంటే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ. అందులో లినోలిక్ ఆమ్లం, ఓలిక్ ఆమ్లం ఉంటాయి, కొద్దిగా సెరమైడ్లు కూడా. చర్మం పైపొరలో కణాల మధ్య సందుల్ని పూడ్చేది ఇలాంటి కొవ్వులే. మడమలు, మోచేతులు, వయసు మీదపడ్డ చర్మం లాంటి చోట్ల ఈ నూనె ఉన్న గట్టి క్రీమ్ బాగుంటుంది. జిడ్డు ముఖానికి ఇది కాకుండా బీటా గ్లూకాన్ ఉన్న పల్చటి జెల్ తీసుకోండి. ఇక హైడ్రొలైజ్డ్ ఓట్ ప్రోటీన్, అంటే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ఓట్స్ ప్రోటీన్, ఎక్కువగా షాంపూల్లో, కండిషనర్లలో కనిపిస్తుంది. జుట్టుకి మంచిదే. ఎగ్జిమా ఉన్న చర్మానికి మాత్రం నేను సిఫారసు చెయ్యను. అలర్జీకి కారణమయ్యేవి చాలాసార్లు ప్రోటీన్లే.

లేబుల్ తిప్పి చదవండి

డబ్బా ముందు వైపు బొమ్మ చూసి కొనకండి. వెనక పదార్థాల పట్టికలో ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు, తక్కువవి తర్వాత రాస్తారు. ఒక శాతానికి మించనివి మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. అక్కడ ఓట్స్ అవీనా సటైవా అనే శాస్త్రీయ నామంతో ఉంటాయి. కెర్నల్ ఫ్లోర్ అని ఉంటే పిండి, అంటే కొల్లాయిడల్ ఓట్‌మీలే. కెర్నల్ ఆయిల్ అంటే నూనె. కెర్నల్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంటే సారం. ఈ సారం దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. నీళ్లలోనో గ్లిజరిన్‌లోనో చెంచాడు ఓట్స్ నానబెట్టి తీసినది కూడా సారమే, అవెనాంత్రమైడ్లు పట్టిపట్టి తీసిన ఖరీదైనది కూడా సారమే.

చిన్న కిటుకు ఒకటి. పట్టికలో ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్ ఎక్కడుందో చూడండి. దాన్ని ఒక శాతం మించి వాడరు. ఓట్స్ పిండి పేరు దాని తర్వాత వచ్చిందంటే ఆ క్రీములో పిండి ఒక శాతంలోపే అని అర్థం. ఎగ్జిమా కోసం అమ్మే ఓట్స్ క్రీముల్లో సాధారణంగా ఒక శాతం పిండి ఉంటుంది కాబట్టి ఇది మంచి కొలబద్ద. సారానికి మాత్రం ఈ లెక్క సరిగ్గా వర్తించదు, అవెనాంత్రమైడ్లు చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తాయి. బీటా గ్లూకాన్ అని మాత్రమే రాసి ఉంటే అది ఓట్స్‌దే కానక్కర్లేదు. ఈస్ట్ నుంచి, పుట్టగొడుగుల నుంచి కూడా తీస్తారు.

అమెరికాలో ఉండే మనవాళ్లకి పని ఇంకా సులువు. అక్కడ కొల్లాయిడల్ ఓట్‌మీల్ ఉన్న లోషన్ల మీద యాక్టివ్ ఇంగ్రీడియెంట్ అనే గడిలో శాతంతో సహా రాసి ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి డాలస్ చలికో, న్యూజెర్సీ హీటర్ గాలికో కాళ్లు గోక్కుంటుంటే ఆ గడి చూసి ఒక ట్యూబ్ కొనివ్వండి.

ఎక్కడ కొన్నా ఒక్క నియమం తప్పకండి. సువాసన లేనిదే తీసుకోండి. ఓట్స్, తేనె, వెనీలా అంటూ ఘుమఘుమలాడే లోషన్ పాడైన చర్మానికి మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. పట్టికలో పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్, పార్ఫమ్ అనే మాటలు కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి.

ఒంటికి పడుతుందో లేదో పరీక్షించుకోండి

సహజమైనది కదా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. ఫ్రాన్స్‌లో ఎగ్జిమా ఉన్న 302 మంది పిల్లల్ని పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు ఏడుగురిలో ఒకరికి ఓట్స్ ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద కొద్దిగా పెట్టి పడుతుందో లేదో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. ఓట్స్ క్రీములు వాడిన పిల్లల్లో అది ఇంకా ఎక్కువ. ఎగ్జిమా లేని పెద్దవాళ్లలో ఇలాంటివి అరుదు.

క్రీమ్ అయినా, ఇంట్లో చేసిన పొడిని తడిపి చేసిన ముద్ద అయినా, మోచేతి లోపలి మడత దగ్గర రూపాయి బిళ్లంత రాయండి. ముద్దయితే పది నిమిషాలుంచి కడిగెయ్యండి, క్రీమ్ అయితే వదిలెయ్యండి. రోజూ అదే చోట మూడు నాలుగు రోజులు చెయ్యండి. ఎర్రబడినా, దద్దురు లేచినా, దురద పెరిగినా అది మీకు పడనట్టే. ఓట్స్ తింటే గొంతు దురదగానీ, పెదాల వాపుగానీ వచ్చేవాళ్లు ఈ పరీక్ష కూడా చెయ్యొద్దు.

ఇంట్లో పొడి చేసుకోవడం

బజారులో దొరికే బాత్ పొడి ఖరీదు ఎక్కువ. ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ అసలు కష్టమంతా మెత్తదనం దగ్గరే ఉంది. మందుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే అమెరికా ఫార్మకోపియా లెక్క ప్రకారం కొల్లాయిడల్ ఓట్‌మీల్‌లో ఎక్కువ భాగం రేణువులు 75 మైక్రాన్లకి మించకూడదు, అంటే ఇంచుమించు తల వెంట్రుక మందం. బరకగా ఉన్న ఓట్స్‌తో ఒళ్లు రుద్దుకుంటే ఎండిన చర్మం గీరుకుపోవడం తప్ప లాభం ఉండదు. ఓట్స్ స్క్రబ్ అనే మాటంటేనే నాకు కోపం.

ఏమీ కలపని మామూలు రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) తీసుకోండి. మసాలా ఓట్స్ పనికిరావు, వాటిలో ఉప్పూ కారం ఉంటాయి. పండ్ల ముక్కలు, చక్కెర కలిపినవీ వద్దు. ఒక గంట ఎండలో పరిచి తేమ పోనివ్వండి. వేయించాల్సిన పనిలేదు. పొడి మిక్సీ జార్లో, సగానికి మించకుండా పోసి ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి ఎక్కువసేపు తిప్పితే జార్ వేడెక్కి పిండి అంచులకి అంటుకుంటుంది.

ఇప్పుడు పాత పల్చటి నూలు పంచె గుడ్డతో జల్లించండి. మన పెద్దవాళ్లు వస్త్రగాళితం పట్టమనేది ఇందుకే. గుడ్డలో మిగిలిన పొట్టుని పారెయ్యొద్దు. అవెనాంత్రమైడ్లూ బీటా గ్లూకాన్ ఎక్కువగా ఉండేది ఆ తవుడులోనే. దాన్ని మళ్లీ మిక్సీలో వేసి, మళ్లీ జల్లించండి. మూడో విడతకి మిగిలేది గుప్పెడు కూడా ఉండదు.

పొడి కుదిరిందో లేదో ఇలా తెలుస్తుంది. గాజు గ్లాసు నిండా గోరువెచ్చని నీళ్లు తీసుకుని, ఒక చెంచా పొడి వేసి కలపండి. కలిపీ కలపగానే నీళ్లు పాలలా తెల్లబడాలి. రెండు వేళ్లు ముంచి ఒకదానితో ఒకటి రాస్తే జారుతూ, పట్టులా నున్నగా తగలాలి. గ్లాసుని కదపకుండా ఐదు నిమిషాలు వదిలెయ్యండి. అడుగున మందంగా తెట్టు కట్టి పైన నీళ్లు తేటపడితే పొడి ఇంకా బరకగా ఉందన్నమాట, మళ్లీ మిక్సీకి వెళ్లాల్సిందే. పలుచగా కొంచెం దిగి, నీళ్లు తెల్లగానే ఉంటే సరిపోయినట్టు.

గాలి చొరబడని సీసాలో, తడి చెయ్యి పెట్టకుండా దాచుకోండి. కొవ్వు ఎక్కువ కాబట్టి ఓట్స్ పొడి తొందరగా ముక్కిపోతుంది. నెలకి సరిపడా మాత్రమే చేసుకుని, వాసన మారిందనిపిస్తే పారబోయండి. నీళ్లు కలిపిన ముద్దనైతే ఏ పూటకి ఆ పూటే కలుపుకోవాలి. అందులో ప్రిజర్వేటివ్ ఏమీ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి వారం వాడుకునే ఆలోచన చెయ్యకండి.

బకెట్ స్నానంలో ఎలా వాడాలి

ఓట్స్ స్నానం గురించి రాసినవన్నీ బాత్‌టబ్ ఉన్నవాళ్ల కోసమే ఉంటాయి. టబ్ ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక కప్పు పొడి చల్లి పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు. మనలో చాలామందికి ఉండేది బకెట్టూ మగ్గూ.

మోతాదు గురించి టెన్షన్ వద్దు. ఎఫ్‌డీఏ పెట్టిన కనీస మోతాదు 0.007 శాతం, అంటే 20 లీటర్ల బకెట్‌కి గ్రామున్నర పొడి. ఇంటి పొడి అంత సన్నగా ఉండదు కాబట్టి రెండు పెద్ద చెంచాలు వేసుకుందాం. చిక్కల్లా మగ్గుతో పోసుకున్న నీళ్లు నిమిషంలో కారిపోవడం దగ్గర వస్తుంది. ఓట్స్ చర్మం మీద కాసేపు నిలవాలి.

అందుకని ఇలా చెయ్యండి. ముందు మామూలుగా, గోరువెచ్చని నీళ్లతో తొందరగా స్నానం ముగించండి. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలకి మాత్రమే చాలు. పొగలు కక్కే నీళ్లు అస్సలు వద్దు, దురద ఉన్నవాళ్లకి వేడి నీళ్లు అప్పటికి హాయిగా అనిపించినా తర్వాత దురద రెట్టింపవుతుంది. తర్వాత ఒక మగ్గులో రెండు చెంచాల పొడి ఉండలు కట్టకుండా కలిపి, దాన్ని అర బకెట్ నీళ్లలో పోయండి. మెత్తటి తువ్వాలు అందులో ముంచి, కొంచెం పిండి, దురద ఉన్న చోట కప్పండి. ఆరకముందే మళ్లీ ముంచి కప్పండి. పది నిమిషాలు చాలు. మిగిలిన నీళ్లు ఒంటి మీద నెమ్మదిగా పోసుకోండి, మళ్లీ మంచినీళ్లతో కడగక్కర్లేదు. చేతులకీ పాదాలకీ అయితే బేసిన్‌లో ముంచి కూర్చోవడమే సులువు. చెమటకాయలకి నీళ్లు చల్లగానే ఉండనివ్వండి. ఆ తర్వాత వదులు నూలు బట్టలు వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోవాలి, మందపాటి క్రీములేవీ రాయకూడదు.

ఒక హెచ్చరిక. ఓట్స్ నీళ్లు పడిన బాత్రూమ్ నేల బాగా జారుతుంది. పెద్దవాళ్లకి స్టూల్ వేసి కూర్చోబెట్టి చేయించండి, లేచేటప్పుడు చెయ్యి పట్టుకోండి, అయిపోగానే నేల కడగండి. జల్లించని పొడి అయితే తూములో పేరుకుంటుంది కూడా.

రోజూ సున్నిపిండి పెట్టుకునే అలవాటున్న ఇళ్లలో ఒక మార్పు చేసుకోవచ్చు. శనగపిండి, పెసరపిండి జిడ్డుని బాగా లాగేస్తాయి. చలికాలంలో చర్మం ఎండిపోయే వాళ్లు వాటి బదులు ఈ ఓట్స్ పొడినే నీళ్లతో జారుగా కలిపి, రుద్దకుండా అరచేత్తో పూసి కడుక్కుంటే సరిపోతుంది. నిమ్మరసం, పెరుగు, పసుపు వగైరాలు కలపొద్దు. పగిలిన చర్మం మీద నిమ్మరసం మంట పుట్టిస్తుంది.

ఆ వెంటనే క్రీమ్

చాలామంది వదిలేసేది ఇదే, ఫలితం లేదని అనుకునేదీ ఇందుకే. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా కొంచెం తడిగా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయాలి. ఓట్స్ పొర పట్టి ఉంచిన తేమని లోపల ఆపేది అదే. ఓట్స్ క్రీమ్ అయితే మంచిది, అది లేకపోతే పెట్రోలియం జెల్లీ అయినా చాలు. వెంట్రుకలు పెరిగే దిక్కుగా, పైనుంచి కిందికి, మందంగా రాయండి. పెద్దవాళ్ల రెండు కాళ్లకీ కలిపి బఠాణీ గింజంత క్రీమ్ సరిపోదు, అరచేతి నిండా తీసుకోవాలి. పడుకునే ముందు ఇంకోసారి. దురద ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, గరుకుతనం పోవడానికి రెండు వారాలు ఓపిక పట్టండి.

పసిపిల్లల విషయంలో

మామూలు పొడి చర్మం ఉన్న పాపాయికి సువాసన లేని ఓట్స్ లోషన్ నిశ్చింతగా రాయొచ్చు, ప్యాచ్ టెస్ట్ చేశాకే సుమా. ఎగ్జిమాతో చర్మం పగిలి రసి కారుతున్న బిడ్డకి మాత్రం ఇంట్లో చేసిన పొడి పెట్టకండి. పగిలిన చర్మం గుండా ఆహార ప్రోటీన్లు లోపలికి వెళ్తే ఆ ఆహారానికే అలర్జీ మొదలయ్యే ప్రమాదం ఉంది. పిల్లల డాక్టర్ని అడిగి, ఆయన చెప్పిన క్రీమ్ వాడండి.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరకి వెళ్లాలి

రాసిన చోట మంటగానీ, కొత్తగా దద్దుర్లుగానీ వస్తే వెంటనే ఆపండి. చీము పట్టినా, పసుపు రంగు పక్కు కట్టినా, జ్వరం వచ్చినా ఓట్స్‌తో కాలక్షేపం చెయ్యొద్దు. చర్మం మీద ఏ మచ్చా పొక్కూ లేకుండా ఒళ్లంతా వారాల తరబడి దురదగా ఉంటే, ముఖ్యంగా పెద్దవాళ్లకి, రక్తపరీక్షలు చేయించాలి. కిడ్నీ, లివర్, థైరాయిడ్ జబ్బుల్లో కూడా అలాంటి దురద ఉంటుంది.

డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ వాడుతుంటే ఓట్స్ క్రీమ్ దొరికింది కదా అని దాన్ని ఆపెయ్యకండి. రెండూ వాడొచ్చు, ఒకటి రాశాక ఇంకోటి రాయడానికి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి. డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడినవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. ఓట్స్ లోషన్ డబ్బా, సబ్బు రేపర్, మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చిన ట్యూబ్, అన్నీ. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. తామర మీద అది నెలల తరబడి రాసి ఉంటే మచ్చ ఆకారమే మారిపోయి ఉంటుంది కాబట్టి, ఏం రాశారో చూపిస్తేనే డాక్టర్‌కి అసలు జబ్బు పట్టుబడుతుంది.